దీపం దించకూడని బావి

పోయిన వారం భాగంలో సత్తెమ్మను కొండాపూర్ గుట్టల నడుమ, పాత రాతి క్వారీ మీద పరిచిన కాంక్రీటు పలక దగ్గర నిలబెట్టి వచ్చాం. పట్నం చెత్తను లారీల్లో తెచ్చి ఆ క్వారీ గుంతలో మురగబెట్టి, దాన్నుంచి పుట్టే గాలితో ఇంజను తిప్పి కరెంటు తీస్తున్నాడు ఇంజినీరు కామేశ్వరరావు. కొన్నాళ్ళు ఊళ్ళో బల్బులు వెలిగాయి కూడా. ఆ తర్వాత గుంత అడుగున బురద బయటికి పోయే పైపు పూడుకుపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. రేపు పొద్దున మంత్రిగారు వచ్చి మీట నొక్కాలి. చెత్తలోంచి గుడ్డపేలికలు ఏరకుండా వదిలేశారని, ఏరుడు పని చేసే ఆడవాళ్ళ మీద నేరం పడింది. ఈ సాయంత్రంలోగా పైపు బాగుపడకపోతే వాళ్ళందరి పనీ పోయినట్టే. వాళ్ళకు పెద్ద సత్తెమ్మ. "నేను దిగి తీస్త" అని అందరి ముందూ అన్నవాడు ఆమె పెనిమిటి మొగిలి.

అనడం తేలిక. నోరు ముందు దిగుతుంది, మనిషి వెనక దిగాలి.

ఎండ గుట్టల నెత్తిన నిలబడింది. పైపై నీళ్ళన్నీ తోడేసి, అడుగు బురద మాత్రం మిగిల్చారు. పలక నడుమ ఉన్న ఇనుప మూత పొద్దున్నే తీసి పక్కన పడేశారు. మనిషి భుజాలు ఒదిగి పట్టేంత నోరు. అందులోంచి వచ్చే కంపు ఎట్లాంటిదంటే, పొద్దస్తమానం చెత్తలో చేతులు పెట్టి బతికే ఆడవాళ్ళే కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని రేకుల షెడ్డు నీడకు పోయి కూర్చున్నారు.

సత్తెమ్మ పోలేదు.

మొగిలి అంగీ విప్పి, ధోవతి గోచీ బిగించి, నడుముకు మోకు కట్టించుకుంటున్నాడు. మోకు రెండో కొస గిలక మీదుగా వీరేశం, ఎల్లేశంల చేతుల్లో ఉంది. ఇద్దరూ బాలనర్సయ్య ముఠా మనుషులు. బాలనర్సయ్య మొగిలి తండ్రి. గోపన్‌పల్లి నుంచి కూకట్‌పల్లి దాకా ఆయన తవ్విన బావి నీళ్ళు తాగనివాడు ఆ ఊళ్ళకు అల్లుడుగా కూడా వచ్చి ఉండడు.

ముసలాయన గొంతుక్కూర్చుని లాంతరు అద్దం పైకెత్తి వత్తి సవరిస్తున్నాడు. రొంటిన దోపిన అగ్గిపెట్టె బయటికి తీశాడు.

అది చూడగానే సత్తెమ్మ రెండు అంగల్లో ఆయన ముందుకు వచ్చింది.

"మామా, కందీలెందుకు?"

"ఎందుకంటవేంది బిడ్డా? దింపనీకె."

బావి పనివాళ్ళ ఇళ్ళలో అది అన్నం ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. పాత బావిలో దిగేముందు వెలిగించిన దీపాన్ని తాడుకు కట్టి కిందికి వదులుతారు. అడుగుదాకా వెలుగుతూ పోతే మనిషీ పోవచ్చు. నడుమ ఎక్కడైనా కొండెక్కిందా, కింద గాలి చచ్చి ఉందన్నమాట. ఇక అటు తొంగి చూడరు. ఎంత తొందర పనైనా ముందు దీపం, వెనక మనిషి.

కానీ సత్తెమ్మ కళ్ళతో చూసింది. ఇంజను పెట్టిన కొత్తలో కామేశ్వరరావు ఆడవాళ్ళందరినీ పిలిచి, పైపుకున్న చిన్న కుళాయి తిప్పి అగ్గిపుల్ల చూపించాడు. భుస్సున నీలం మంట లేచింది. పొగ లేదు, మసి లేదు. దాని మీద పెట్టిన చెంబులో నీళ్ళు చూస్తుండగానే మరిగాయి. "కుళాయిలో ఉన్నంతసేపూ ఇది మన పనిమనిషి. బయట గాలితో కలిసిందా, తుపాకీ మందు" అన్నాడు ఆయన. ఆ రాత్రి సత్తెమ్మకు నిద్ర పట్టలేదు. తను రోజూ చేతులతో ఎత్తిపోసే ఆ కుళ్ళులో నిప్పు పడుకుని ఉందని అప్పుడే తెలిసింది మరి.

"వద్దు మామా. గీ గుంతల గాలి మండుతది."

బాలనర్సయ్య తలెత్తాడు. మీసాల కింద నవ్వు కదిలింది. "గాలి మండుతదా? ఇన్నవారా వీరేశం? మా కోడలు చెత్త ఏరి ఏరి ఇంజినీరయింది."

వీరేశం ఇకిలించాడు. "చెత్తతోని కరెంటు బుగ్గలెలుగుతయా పెద్దయ్యా! చీకటిపడ్డంక సారు డీజిల్ పోస్తడు. తెల్లారి చెత్త అంటడు. మా బామ్మర్ది డబ్బా కండ్లార జూసిండు."

ఊరంతా అదే మాట. చెత్త నుంచి కరెంటని సర్కారును నమ్మించి డీజిల్‌తో నడుపుతున్నాడని. ముసలాయనా ఆ మాటే నమ్మాడు. గుంతలో ఉన్నది ఉట్టి మురుగు గాలేనని ఆయన లెక్క. మంచి బావిమనిషి గనుకనే లాంతరు తెచ్చాడు. చిక్కంతా అక్కడే ఉంది.

"డీజిల్ పోసేది ఇంజను మొదలువెట్టనీకె మామా. అటెన్క నడిచేది గాలితోనే. మంట నేను జూసిన. నీ కాళ్ళు మొక్కుత, పుల్ల గియ్యకు."

"నువ్వు మంటను జూసినవు. నా తమ్మునిని జూడలే." ముసలాయన గొంతు మారింది. "మాదాపూర్‌ల పాడువడ్డ బాయి. పొద్దు గూకుతుందని దీపం లేకుంటనే దిగిండు. నా చేతులతోనే బయటికి దీసిన. ఒంటి మీద గీత లేదు, పండుకున్నట్టే ఉన్నడు. నాడు ఒట్టు వెట్టుకున్న. దీపం పోకుండ నా మనిషి ఎవ్వడు బాయిల పోడు. వాడు నీ మొగడే గాదు బిడ్డా, నా కొడుకు."

ఇద్దరి భయమూ ఒక్క మనిషి కోసమే. ఒకరి భయం దీపం దించమంటోంది, ఒకరిది వద్దంటోంది.

మొగిలి నడుమ వచ్చాడు. "సత్తీ, నాయిన సంగతి నీకు తెల్వదా? దీపం దించనియ్. మండుతదో ఆరుతదో అదే చెప్తది."

"అది చెప్పినంక ఇననీకె ఎవరుంటరయ్యా?"

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వత్తి అంటుకుంది. ముసలాయన అద్దం దించి, లాంతరు చేపట్టి లేచాడు. మూత నోరు అక్కడికి నాలుగు బారలు ఉంటుందేమో. గాలి అటునుంచి ఇటు తిరిగితే చాలు.

సత్తెమ్మ ఆలోచించలేదు. ఆలోచిస్తే కాళ్ళు కదిలేవి కావు. మామ చేతిలోంచి లాంతరు లాక్కుని పరుగు తీసింది.

"ఏయ్! పట్టున్రి దాన్ని!" ముసలాయన అరుపు వెనకాల గుట్టకు తగిలి మళ్ళీ వచ్చింది. మొగిలి ఉరకబోయాడు గానీ నడుముకున్న మోకు వెనక్కి గుంజింది. సత్తెమ్మ కాలుతున్న బండల మీద ఉత్త కాళ్ళతో, మంటను కొంగుతో గాలికి కాచుకుంటూ, మూతకు వీలైనంత దూరంగా గేటు వైపు పల్లంలోకి పరుగెత్తింది. గేటు దగ్గర రాయి తగిలి బోర్లా పడింది. లాంతరు దొర్లి అద్దం భళ్ళుమంది. కిరసనాయిలు ఒలికి గడ్డి అంటుకుంది. ఆమె రెండు దోసిళ్ళా మట్టి ఎత్తిపోసింది. చాలక అరచేతులతో అదిమింది. చర్మం కమిలిన వాసన తనకే వచ్చింది.

అప్పుడే వచ్చి ఆగింది కామేశ్వరరావు జీపు.

ఆయన దిగి ముందు లాంతరును చూశాడు. తర్వాత పల్లం పైన తెరిచి ఉన్న మూతను చూశాడు. మళ్ళీ లాంతరును చూశాడు.

"ఇది ఎక్కడ వెలిగించారు?"

సత్తెమ్మ కాలిన చేత్తోనే పైకి చూపించింది.

కామేశ్వరరావు నేల మీద కూర్చున్నాడు. కూలబడ్డాడు అనాలి. ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో. "మూత పక్కనా..." అన్నాడు. "అది గనక లోపలికి పోయి ఉంటే... ఆ పలక లేచి వెళ్ళి షెడ్డు మీద పడేది. ఆడవాళ్ళంతా అక్కడే... అయ్యబాబోయ్..."

కోడలిని నాలుగు తిట్టడానికి ఒగరుస్తూ వచ్చిన బాలనర్సయ్య ఆగిపోయాడు. కాంట్రాక్టర్ల మీద అరిచే ఇంజినీరును చూశాడు, పై అధికారులతో వాదించే ఇంజినీరును చూశాడు. మోకాళ్ళు టకటక కొట్టుకునే ఇంజినీరును మాత్రం ఇదే చూడడం. నోటితో ఎంతైనా నటించవచ్చు. మోకాళ్ళకు నటన రాదు.

"నిజంగనే మండుతదా సారూ?"

"మండుతుందయ్యా బాబూ! మండడం కోసమే కదా ఇన్నాళ్ళూ ఈ అవస్థంతా!"

ముసలాయన రొంటిలోని అగ్గిపెట్టె, చెవిమీది బీడీ తీసి సత్తెమ్మ ఒళ్ళో పెట్టాడు. "నీ తాననే ఉండనియ్ బిడ్డా" అన్నాడు. కాలిన ఆమె చేతులకేసి చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు ఆయన కళ్ళల్లో కొత్త భయం ఉంది.

"మరి దీపం లేకుంట నా కొడుకును ఎట్ల దింపాలె సారూ?"

కామేశ్వరరావు లేచి పలక వైపు నడిచాడు, అందరూ ఆయన వెనకే పల్లం ఎక్కారు.

"రెండు రోజులు మూత తెరిచి ఉంచితే గాలి మారుతుంది..." కామేశ్వరరావు మాట అక్కడే ఆగింది. ఇంజను షెడ్డు ముందు మామిడాకులు కడుతున్నారు. షామియానా గుంజలు పాతుతున్నారు. రేపు పొద్దునకు రెండు రోజులు ఎక్కడినుంచి తెస్తాడు?

సత్తెమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "సారూ, మా పని పోతే పోనియ్. బండలు మోస్తం, నాట్లేస్తం. దిగొద్దని ఒక్క మాట అను. నువ్వంటే మా ఆయన ఆగుతడు."

ఒక్క మాట. కామేశ్వరరావు నోరు తెరిచాడు కూడా. తెరిచి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఆగిందంటే ఈ ప్లాంటు మళ్ళీ లేవదు సత్తెమ్మా. పైవాళ్ళు కాచుకుని కూర్చున్నారు" అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. అయినా అందరికీ అర్థమయింది.

"సారును ఎందుకు సతాయిస్తవ్?" అన్నాడు మొగిలి, మోకు ముడి బిగించుకుంటూ. "పేలికలు అడ్డం వడ్డయంటే రేపటి సంది మీ మీదే నింద. చెత్త ఏరుడు కూడ రాదని ఊళ్ళె ప్రతోడు నవ్వుతడు. గడియల పని. దీపం వద్దంటే కోడిని దించుదాం. అది గూడ గాలి పీల్చేదే గద? సచ్చి లేస్తే పొద్దుమీకి కూర, బతికి లేస్తే నేను పోత. ఎటు జూసినా మనకే లాభం."

ఎల్లేశం నవ్వాడు. సత్తెమ్మ నవ్వలేదు.

కావలివాడి గుడిసె నుంచి కోడిపెట్టను తెచ్చి, బుట్టలో పెట్టి, పైన గుడ్డ వదులుగా కట్టి దించారు. కొంత దూరం కొక్కొక్కోమని గొడవ చేసింది. తర్వాత చప్పుడు లేదు. సత్తెమ్మ గుంత నోటికేసి చూడకుండా మొగిలి కాళ్ళకేసి చూస్తూ నిలబడింది. బొటనవేలి గోరు చిట్లి ఉంది. నిన్న తను నూనె రాస్తానంటే వద్దన్నాడు.

బుట్ట పైకొచ్చింది. గుడ్డ విప్పగానే కోడి తల బయటపెట్టి, మనుషుల మొహాలు నచ్చనట్టు చూసి, ఈకలు దులుపుకుని గుడిసెకేసి ఉరికింది. ఒక్కసారిగా అందరూ గొల్లున నవ్వారు. కామేశ్వరరావు కూడా. సత్తెమ్మ కూడా నవ్వింది.

"ఇనుము వద్దు మొగిలీ, నిప్పురవ్వ పుడుతుంది. వెదురుగడ తీసుకో" అన్నాడు కామేశ్వరరావు. జీపు పక్క అద్దం మరలు విప్పి తనే పట్టుకొచ్చాడు. ఎండను ఆ అద్దంలో పట్టి గుంతలోకి వంచితే వెలుగు అడుగుదాకా పడింది. మంట లేని దీపం. బాలనర్సయ్య దాన్ని మెచ్చుకోలుగా చూశాడు.

మొగిలి పలక అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాడు. "పొయ్యి మీద చాయ్ పెట్టుండ్రి. దిగి వచ్చేవరకు మరగాలె" అన్నాడు సత్తెమ్మతో.

"పొయ్యి పేరెత్తకు" అంది ఆమె.

వీరేశం, ఎల్లేశం మోకు వదులుతుంటే అతని తల పలక కిందికి పోయింది. సత్తెమ్మ గుంత నోటి పక్కన బోర్లా పడుకుంది. కంపు మొహాన కొట్టింది.

"ఎట్లుందయ్యో?"

"బురద మోకాళ్ళ దాంక ఉంది." గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. "కోడిగుడ్లు మురిగిన కంపు. ముక్కు పగులుతుంది."

"తల తిరుగుతుందా?"

"నిన్ను లగ్గం జేసుకున్నప్పుడు తిరిగింది. అంతే."

షెడ్డు నీడనున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. వెదురుగడ బురదలో దిగబడిన చప్పుడు. గెలికిన చోటల్లా బుడగలు గుబగుబమని లేస్తున్నాయి. అద్దం వెలుగులో అవి నల్లగా ఉబ్బి పగలడం సత్తెమ్మకు కనబడుతోంది. చెరువులో గేదె ఊపిరి వదిలినట్టుంది. ఆ చప్పుడు ఎందుకో ఆమెకు నచ్చలేదు.

"దొరికింది!" కింది నుంచి కేక. "చీర గాదు, పేలిక గాదు సత్తీ! లారీ మీద కప్పే పట్టా! ఇంత ముక్క! మీ తప్పు ఏం లేదు. ఆ లారోళ్ళదే!"

షెడ్డు దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కామేశ్వరరావు తల వంచుకున్నాడు. నేరం మోపింది ఆయనే గదా.

"గుంజుతున్న... వస్తుంది... ఇగ కంపు గూడ పోయింది సత్తీ. జరంత గూడ వస్తలేదు. ఆ పైపుల నుంచి మంచి గాలి కొడుతున్నట్టుంది."

"హమ్మయ్య" అన్నాడు వీరేశం.

అప్పుడు అద్దం వెలుగు గుంతలోంచి తప్పిపోయి గుట్ట మీద పడింది. కామేశ్వరరావు చేతులు కిందికి వాలిపోయాయి.

"ఏమన్నాడు?"

"కంపు పోయిందంట సారూ."

"లాగండి! లాగెయ్యండి పైకి! వాసన పోవడం కాదయ్యా అది... ముక్కు చచ్చిపోయింది! ఆ కంపే విషం, అది ఎక్కువైతే ముందు వాసన తెలియకుండా పోతుంది. ఆ తర్వాత మనిషి... లాగండ్రా!"

"ఇది ముందుగాల చెప్పలేదేంది సారూ!" అంటూనే సత్తెమ్మ మోకు పట్టుకుంది.

"పుస్తకంలో చదివాను... కోడి బతికి వచ్చింది కదా అని..."

"కోడి బురద గెలుకలే సారూ! మా ఆయన గెలికిండు!"

ముగ్గురూ ఒక్క ఊపున గుంజారు. గుంజి, ముగ్గురూ వెనక్కి పడ్డారు. మోకు గలగలా తేలిగ్గా పైకి వచ్చేసింది. పలక మీద పాములా చుట్టలు పడింది. కొస తెగలేదు. ముడి శుభ్రంగా విప్పి ఉంది.

బాలనర్సయ్య ఆ కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బావి అడుగున కాలు ఆనగానే పనివాడు నడుము మోకు విప్పేస్తాడు. మట్టి తట్టలు పైకి పోవాల్సిందీ ఆ మోకుతోనే గదా. విప్పి, పక్కకు నెట్టి, పారపట్టుకుంటాడు. బుద్ధితో పనిలేదు, వేళ్ళే ఆ పని చేస్తాయి. మొగిలి వేళ్ళకు అది నేర్పింది ఆ ముసలి వేళ్ళే.

"మొగిలీ!" సత్తెమ్మ గుంతలోకి వంగి అరిచింది. "ఓ మొగిలీ! ఏమయ్యో!"

పెనిమిటిని పేరు పెట్టి పిలవడం ఆమె బతుకులో అదే మొదలు. కింది నుంచి పలుకు లేదు. బుడగలు మాత్రం గుబగుబమంటున్నాయి.

బాలనర్సయ్య తలపాగా తీసి విసిరాడు. ఒక కాలు అప్పుడే మూత నోట్లో పెట్టాడు. సత్తెమ్మ ఆయన నడుము రెండు చేతులా చుట్టేసింది. ఆ ఇంటి కోడలుగా గడప తొక్కాక మామ ఎదుట కొంగు జారనివ్వని మనిషి, ఆయన్ని మట్టిలో పడేసి మీద పడింది.

"ఇడువ్ బిడ్డా! వాడు సస్తున్నడు!"

"ఇడువ! నువ్వు దిగితే ఇద్దరు. నిన్ను తియ్యనీకె వీరేశం దిగుతడు, వాని కోసం ఇంకోడు. గట్లనే ఇల్లిల్లు పోతది మామా!"

"వాడు నా కొడుకే!"

"నా మొగడు! నా మొగడైనా నేనే వద్దంటున్న గదా!"

ఆ మాట నోటినుంచి వచ్చాక గానీ తనేమన్నదీ ఆమెకు తెలియలేదు. ముసలాయన పెనుగులాడడం ఆపాడు. ఎవరూ దిగకూడదు. సరే. మరి?

బావిలో బకెట్టు పడితే ఎవరైనా దిగుతారా?

"పాతాళగరిగె!" ఆమె ఒక్క ఉదుటున లేచింది. "మామా, పాతాళగరిగె తెచ్చినవా?"

బావుల్లో జారిపడిన బకెట్లు, బిందెలు తీసే ఇనుప కొండ్ల గుత్తి అది. అది లేకుండా ముఠా బయలుదేరదు. ఎల్లేశం సామాను బుట్ట బోర్లించాడు. కామేశ్వరరావు "ఇనుము..." అని మొదలుపెట్టి, సత్తెమ్మ మొహం చూసి మింగేశాడు. మింగి, తనే గోనెపట్టా నీళ్ళలో తడిపి తెచ్చి, కొండ్ల మొనలు మాత్రం వదిలి మిగతాదంతా చుట్టాడు.

అద్దం మళ్ళీ ఎండను పట్టింది. కామేశ్వరరావు వెలుగును గుంత అడుగుకు వంచాడు. ఆ వెలుగులో మొగిలి కనబడ్డాడు. పైపు పక్క గోడకు వీపు ఆనించి బురదలో కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. ఇంకొంచెం జారితే మూతి మునుగుతుంది. పట్టా కొస ఇంకా పిడికిట్లో ఉంది.

బాలనర్సయ్య పాతాళగరిగెను మోకుకు కట్టి గుంతలోకి వదిలాడు. ఊళ్ళకు ఊళ్ళ బకెట్లు తీసిన చేతులవి. గుంత నోటి పక్కకు మొహం తిప్పుకుని ఊపిరి పీలుస్తూ, వెలుగు పడ్డప్పుడు మాత్రం లోపలికి చూస్తూ ఆడించాడు. కొండి భుజాన్ని రాసుకుంటూ పోయింది. మళ్ళీ వేశాడు. పట్టాకు తగులుకుంది. విడిపించాడు. ఆయన మొహాన చెమట ధారలు కడుతోంది. గోచీ బిగించిన నడుము దగ్గరికి కొండి మెల్లగా పాకింది, ఆగింది, లోపలికి దూరింది.

"పట్టింది" అన్నాడు, గట్టిగా అంటే వదిలేస్తుందేమోనన్నట్టు. "మెల్లగ. కుండ గుంజినట్టు గుంజాలె."

ముగ్గురు మగవాళ్ళూ, ఇంజినీరు అద్దం పారేసి నాలుగోవాడై, మోకు పట్టారు. బురద చప్పుడు చేసి మనిషిని వదిలింది. సత్తెమ్మ గుంత నోటి పక్కన మోకాళ్ళ మీద ఉంది. చీకట్లోంచి ముందు వంగిన నడుము, ఆ తర్వాత వేలాడే తల, ఊగే చెయ్యి. వస్తున్నాడు. ఇంకొంచెం. ఇంకొంచెం.

చర్రుమంది.

పాత ధోవతి. ఆమే ఎన్నోసార్లు కుట్టిన ధోవతి. కొండి దగ్గర మొదలైన చిరుగు పోగు పోగుగా పాకుతోంది.

"ఆపున్రి! గుంజకున్రి!" అరిచింది గానీ, ఆపినా బరువు ఆగదు. అక్కడినుంచి పడితే ఇక తేలడు. వెనక్కి తిరిగి షెడ్డుకేసి కేక వేసింది. "అక్కా! ఓ అక్కల్లారా! నా కాళ్ళు పట్టున్రి!"

ఆడవాళ్ళు కొంగులు విడిచి పరుగెత్తుకొచ్చారు. సత్తెమ్మ మొహం పక్కకు తిప్పి ఛాతీ పగిలేలా ఊపిరి పీల్చింది. మూతి బిగించింది. ఎవరూ తల పెట్టకూడదన్న ఆ నోట్లోకి, తలకిందులుగా నడుముదాకా దిగింది. ఎడమ చెయ్యి పలక అంచు పట్టుకుంది. కుడి చెయ్యి చీకట్లో వెతికింది. కళ్ళు భగ్గుమన్నాయి. చేతికి జిడ్డుగా ఏదో తగిలింది. మణికట్టు.

పట్టుకుంది. కమిలిన అరచేతి తోలు దాని మీద ఊడి జారింది. అయినా పట్టుకుంది.

పైన ధోవతి తెగింది. మనిషి బరువంతా ఒక్కసారి ఆమె భుజంలోకి దిగింది. ఆడవాళ్ళు ఆమె కాళ్ళు గుంజుతూ ఏదో అరుస్తున్నారు. మొగిలి వేళ్ళు ఆమె చేతిలో కదిలాయో, బురదే జారిందో తెలియలేదు. దాచుకున్న గాలి ఛాతీలో అయిపోతోంది. నోరు తెరవమని ఒళ్ళంతా కొట్టుకుంటోంది. మణికట్టు జారి అరచెయ్యి అయింది. అరచెయ్యి జారి వేళ్ళయింది.

రెండో చెయ్యి కూడా అందిస్తే ఆగుతాడు. అందించాలంటే పలక అంచు విడవాలి.

సత్తెమ్మ విడిచింది.

(మిగతా వచ్చే వారం)